అరవై నాలుగింతలు

ఎండకాలం మొదట్ల వేసిన లెక్క
ఇంకా నడుస్తనే ఉన్నది.
నల్లగొండల, పానగల్లు రోడ్డు మీద రెండో అంతస్తు గది,
మంచం కింద డబ్బా.
దాని వేడికి నా చెప్పులు గూడ వెచ్చగుంటయి.
కరెంటు పోతే యూపీఎస్ కూస్తది.
నేను ఫ్యాను బందుచేసి
ఆ కాస్త బలం గూడ దానికే ఇడిసిపెడ్త.

వెయ్యీ ఇరవై నాలుగు గడులు, ఒకటే వరుస.
గడికో ఎత్తు, దేనికీ దేనితో పొంతన లేదు.
నడిమి గడిల ఒక అలను వదిలిన.
నా పరిశోధన అంతా ఇంతే.

అలకు తన బరువు తనకు తెల్వకపోతే
అది వదిలిన కాడనే ఉంటది.
అటు పోయిన పాయ, తట్టుకొని మర్లొచ్చిన పాయ
ఒకదాన్నొకటి తుడిచేసుకుంటయి.
గోడ లేదు, గొళ్లెం లేదు,
అయినా బయటికి రాదు.

సమీకరణం కొసకు ఒక చిన్న పదం కలిపిన.
ఇగ అల తన బరువుకు తనే కుంగి
కింది గడి ఎత్తును వెంట్రుకవాసి మారుస్తది.
సరిగ్గ చెరగవలసినవి సరిగ్గ చెరగవు.
మిగిలిన ఆ కొంచెమే
పక్క గడిలకు ఊరుతది.

ఎంత నిమ్మళంగనంటే
వెడల్పు రెండింతలు కావాల్నంటే
కాలం అరవై నాలుగింతలు కావాలె.
నాలుగింతలకు నాలుగువేల తొంభై ఆరు.
ఎనిమిదింతల సంగతి
నా ఫెలోషిప్ రాసిచ్చినోళ్లకు చెప్పలేదు.

మా నాయిన సైదులు
ఇరవై రెండేండ్లు బోరుబండి మీద చేసిండు.
అంగీ జేబుల నోటుబుక్కు, దానికి రబ్బరు బ్యాండు:
మర్రిగూడ, నాలుగొందల పది, తడి తగిలింది.
నాంపల్లి, రెండొందల ఎనభై అయిదు, రెండించులు.
చండూరు, ఆరొందల నలభై, దుమ్ము.
చండూరు, అదే రైతు, మళ్ల దుమ్ము.

"రాయి లోపల ఒక్క తీరుగుండదు బిడ్డా,
ఈడ పగులు, జానెడు పక్కన ఇనుము" అనెటోడు.

ఒకసారి ఎండిన బోరుల
రెండు డబ్బాల హోలీరంగు కలిపి పోసి
పందెం కాసిండు,
పక్క చెలకల మారగోని రాములమ్మ బోరుకు
ఎన్నడు తేల్తదో అని.
వారమన్నడు డ్రైవరు.
జన్మల తేలదన్నడు రాడ్లు మోసే పోరడు.
పదకొండు నెలలకు
రాములమ్మ బిందె అడుగున లేత గులాబి.
ఆమె కట్టుకున్న చీర నీడనో ఏమో.
నాయిన పందెం పైసలు తీసుకోలేదు.

గడుల ఎత్తులు యంత్రమే చీట్లేసి ఇస్తది.
వెయ్యి పరుగుల్ల ఒక్కదానికి మాత్రం
నేను నాయిన అడుగుల్నిచ్చిన.
మూడు నోటుబుక్కులు, వెయ్యీ నూట ఆరు బోర్లు.
కడపటి ఎనభై రెండు
చెయ్యి వణుకుతుంటె రాసినవి, వదిలేసిన.
విజయసారథి సారు వద్దనలేదు,
"సగటుల కలిసిపోతది లే" అన్నడు.

కలిసిపోయింది.
మిగతా తొమ్మిదొందల తొంభైతొమ్మిది గీతల నడుమ
పైకీ కాక, కిందికీ కాక.
బాగనే వచ్చిందని నోటుల రాసుకున్న గని
ఆ రాత్రి అన్నం సగంల లేచిన.

ఇది ఎప్పటికన్న ఆగుతదా?
ఆగుతదని కొందరు, ఆగదని కొందరు,
ఇద్దరి దగ్గరా కాయితాలున్నయి.
నా డబ్బా ఎన్ని ఎండకాలాలు కాలినా
ఆ తీర్పుకు సరిపోయేంత కాలం దాంట్ల లేదు.
నేను చూసేది శక్తి లెక్క ఒక్కటే:
తప్పు ఇంకా ఆరో దశాంశం కాడనే ఉన్నది,
అంటే నిన్నటిదాంక నమ్మొచ్చు.

రాత్రి నాయిన ఫోను.
"ఏమన్న కదిలిందా?"
"నిన్నటికీ ఇయ్యాల్టికీ తేడా లేదు నాయినా."
అవతల చాప మీద ఒత్తిగిలిన సప్పుడు.
"లేదంటే లేదనా,
కండ్లకు ఆనతలేదనా?"

కాపురాల గుట్ట కింద లైట్లు పోయినయి.
యూపీఎస్ కూసింది.
ఫోను చెవికి పట్టుకొనే లేచి
ఫ్యాను బందుచేసిన.